సొరబుర్రలో చేదు

"నేను తాగను. వాళ్లు తెచ్చిన ఆ గొర్రెను విప్పుకుని పొమ్మనండి."

లామ్వాకా సొరబుర్రను కాలితో నెట్టింది. చేదువేరు దంచి కలిపిన జొన్నకల్లు సగం నేలపాలైంది.

రెండు వంశాల జనం నోళ్లు తెరుచుకుని చూశారు.

పదకొండేళ్లుగా ఆ వంశాల మధ్య పిల్లనివ్వడం లేదు, ఒకే బావి నీళ్లు తాగడం లేదు. చంపినవాడి తరఫున ఒకరు, చచ్చినవాడి తరఫున ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకే బుర్రలో మూతి ముంచి తాగాలి. అప్పటిదాకా ఆ పగ చల్లారదు.

"ఓర్యెం అమ్మా, నీ ఒక్కదాని కోసం ఇంతమందిమి ఆగాం" అన్నాడు పెద్దమనిషి ఓలాన్యా.

"ఇంకో పదకొండేళ్లు ఆగండి పెద్దయ్యా. పోయింది నా కొడుకు ఓర్యెం, మీ మేకపోతు కాదు."

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వి, నోరు మూసుకుంది.

చంపినవాడు రెండేళ్ల కిందటే జ్వరమొచ్చి పోయాడు. వాడి బదులు వాడి అన్న వచ్చాడు. రెండు రోజులు సైకిలు తొక్కుకుంటూ వచ్చిన బక్క మనిషి.

లామ్వాకా అతని మీదికి తిరిగింది.

"నీ తమ్ముడు చచ్చి తప్పించుకున్నాడు. నువ్వెందుకొచ్చావ్, క్షమించమని కాళ్లు పట్టుకోడానికా?"

"లేదమ్మా. వాణ్ణి క్షమించమని అడగను. నేనే క్షమించలేదు."

"మరెందుకు?"

"తాగడానికి. ఈ పగ మన మనవల మెడకు చుట్టుకోకుండా."

"మాటలు బాగానే నేర్చావ్. కన్నకొడుకు పోతే తెలిసేది నీకు!"

అతను తల దించుకున్నాడు.

ఆ మౌనానికి ఆమె మరింత రేగిపోయింది.

"ఆ పొద్దు ఉప్పు తెమ్మని వాణ్ణి పంపింది నేనే! నీ తమ్ముణ్ణి వదిలేస్తే వేలెత్తి చూపడానికి ఇంకెవరు మిగులుతారు? నేనొక్కదాన్నేగా!"

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట. నోరుజారి వచ్చేసింది.

అతను ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పంపిన చెయ్యీ చంపిన చెయ్యీ ఒకటి కాదమ్మా. నా తమ్ముణ్ణి అడవిలోని తుపాకులవాళ్లు ఎత్తుకుపోయారు, చంపమని కర్ర చేతికిచ్చారు. నిజమే. ఎత్తింది మాత్రం వాడే. వాడి పాపం నువ్వు మోయకు."

ఓలాన్యా బుర్ర మళ్లీ నింపాడు.

లామ్వాకా ఆ బుర్ర వైపు చూసింది. తర్వాత నడుముకు చుట్టుకున్న గుడ్డ బిగించుకుని మోకాళ్ల మీద వాలింది.

"తాగుతున్నాను. మర్చిపోను. అందరికీ వినబడిందా?"

"మర్చిపోతే నేనూరుకోను" అన్నాడతను.

తలలు ఢీకొన్నాయి. చేదుకు ఇద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి.

కోసి పంచిన గొర్రె మాంసంలో ఒక్క ముక్క నోట్లో వేసుకుని, అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు.

"మన కూడు ఎక్కలేదేం దొరగారికి?" అంది లామ్వాకా.

ఓలాన్యా దారివైపే చూస్తున్నాడు.

"నీకు ఎదురుగా కూర్చుని తాగడానికి ఒక మనిషి దొరికాడు. ఒకే వంశంలో చంపుకుంటే అవతల కూర్చునేదెవరు? ఈ బుర్రే పెట్టరు."

"ఎవరి సంగతి పెద్దయ్యా?"

"ఆ పొద్దు నీ ఓర్యెం పక్కనే, అదే కర్ర కింద పడ్డ రెండోవాడు ఆ సైకిలు మనిషి ఒక్కగానొక్క కొడుకు."