చవక బ్రేకులు

"ఏం తమ్ముడూ, బ్రేకులు ఒరిజినలేనా?"

సీటు కింద దొరికిన బ్రేకు ప్యాడ్ల ఖాళీ అట్టపెట్టె ఊపుతూ వెనక సీట్లోంచి ప్రయాణికురాలు బుర్మకాన్ నిలదీసింది. మెదెర్ టాక్సీ అప్పుడే సొరంగం దాటి బిష్కెక్ నగరం వైపు కొండ దిగుతోంది. కంపెనీ బ్రేకు ప్యాడ్లు పిరమని, నిన్ననే సగం ధరకు దొరికే వేరేరకం వేయించాడు మహానుభావుడు.

"ఒరిజినల్ కంటే గట్టివక్కా. బజార్లో అందరూ ఇవే కొంటున్నారు."

"అందరూ ఈ కొండ దిగుతారా? చూడు తాతా, మన ప్రాణాలెంత చవకో!"

ముందు సీట్లోని సోల్తోబాయ్ తాత ఆ పెట్టె అందుకుని, తడిమి, వాసన చూశాడు. "కొత్తవేగా, పట్టుకుంటాయిలే" అన్నాడు. బయల్దేరిన ఊరు తొక్తొగుల్‌లో కొడుకు ఆయన్ని చెయ్యిపట్టి తీసుకురాగానే, అప్పటికే ముందు కూర్చున్న బుర్మకాన్ లేచి ఆ సీటిచ్చింది. పెద్దాయనుండగా అక్కడ మరొకరు కూర్చుంటే ఊరంతా చెప్పుకుంటారు.

మలుపులో బొగ్గు లారీ ఒకటి నత్తలా దిగుతోంది. దాని వెనకే పోతే బ్రేకు తొక్కుతూనే ఉండాలి. అప్పటికే మాడువాసన మొదలైంది. దాటేయక తప్పదు. కానీ అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి; ఇదేమో జపాన్ కారు, స్టీరింగూ కుడివైపే. లారీ అవతల ఏం వస్తోందో ఎడమపక్క సీట్లోవాళ్ళే చెప్పాలి.

"తాతా, ఎదురు ఏమైనా వస్తోందా?"

తాత తల పక్కకి వంచాడు. "ఖాళీయే, పోనీయ్ నాయనా."

దాటేశాడు. ముందు ఇంకో లారీ.

"ఇప్పుడో తాతా?"

"పోనీయ్."

సగం దాటాక ఎదురుగా బస్సు! మెదెర్ బ్రేకు మీద నిలబడినంత పనిచేసి లారీ వెనక్కి దూరాడు. బస్సు అద్దం రాసుకుంటూ పోయింది.

"నీ దిక్కుమాలిన బ్రేకులు తగలెయ్య!" బుర్మకాన్ కెవ్వుమంది.

బ్రేకులు పట్టాయనే సంగతి కూడా మెదెర్‌కు తోచలేదు. నాలుగు డబ్బుల కక్కుర్తికి ఇంతమందిని చంపబోయానని సిగ్గుతో చచ్చిపోయాడు. రేపే ఒరిజినల్ వేయిస్తానని ఒట్టు పెట్టుకుని, మిగతా కొండంతా తాతను అడిగి అడిగి దిగాడు.

బిష్కెక్‌లో ఆసుపత్రి ముందు ఆపి, తాతను తనే దించాడు.

"అదిగో తాతా, ఆ ఆకుపచ్చ తలుపే."

తాత నవ్వి, చెయ్యి చాచి మెదెర్ భుజం కోసం గాల్లో తడుముకున్నాడు.

"రంగు చెబితే ఎలా నాయనా, నాకు చూపే లేదుగా."