మరకల చదువు

దగ్గరికి జరగండర్రా, చెబుతాను.

బచేలి గనుల కాలనీలో ఉండే ప్రశాంతి, తన కూతురు అమ్మును చెట్ల కింద నడిచే అడవిబడిలో వేసింది. పిల్ల ప్రకృతిలో పెరగాలిట, గౌనుకు మాత్రం మట్టి అంటకూడదుట! ఒకనాడు బడి మాన్పించడానికే వచ్చి, కోంటావైపు నుంచి వచ్చిన కోయ పంతులమ్మ సమ్మక్క మీద విరుచుకుపడింది.

"గౌను నిండా ఏంటిది? మరక! మీరు నేర్పింది ఇదేనా?"

అమ్ము బిక్కమొహం వేసింది. సమ్మక్క మొహం వెలిగిపోయింది.

"అవు మేడం, మర్కా! మా కోయబాసల మామిడిపండును గట్లనే అంటం. మా మాట మీకెట్లొచ్చె?"

పిల్లలు చప్పట్లు కొట్టి ఓ మామిడిపండు ప్రశాంతి చేతిలో పెట్టారు. తిట్టడానికి నోరు తెరిచిన మహాతల్లి కొరికేసింది. రసం చీర మీదికి కారింది.

"అమ్మా, నీకూ మరక!"

"మరక కాదే, మర్కా!" అని దిద్దింది ప్రశాంతి, రెండో పండుకు చెయ్యి చాపుతూ. "రేపట్నించి బడికి పాత గౌను వేసుకెళ్ళు."

గుర్తుంచుకోండి. మరక చూసి అరిచే తల్లికి ఈ కథ చెప్పండి, ముందు పండు చేతిలో పెట్టి సుమా!