మొదట గొట్టం, తర్వాత బండి, చివర మనిషి

"ముందు వేలు ఇలా ఇవ్వండి," అంటూ తుక్కు బాబాయ్ సిరా డబ్బా మూత తీశాడు.

ఎదురుగా స్టూలు మీద ఉన్న బక్కపల్చటి మనిషి బొటనవేలు చాపాడు. వేలికీ సిరాకీ మధ్య అంగుళం దూరం ఉందనగా గేటు బయట జీపు ఆగింది. నిజానికి ఆగలేదు, నిలబడింది. ఇంజను డుగుడుగుమంటూనే ఉంది.

జీపు దిగిన మునిసిపల్ ఆఫీసరుని చూడగానే బాబాయ్ గుండె కూడా అదే పాట అందుకుంది. ఏది జీపు చప్పుడో, ఏది గుండె చప్పుడో ఆయనకే తెలియలేదు.

ఊళ్ళో కార్ల కింద సైలెన్సర్ గొట్టాలు కోసుకుపోయే దొంగలు పెరిగారని నెల కిందట కొత్త నిబంధన వచ్చింది. గొట్టం అమ్మేవాడు కారుతో సహా రావాలి. గొట్టం మీది నంబరూ, కారు అడుగున ఉన్న నంబరూ కలవాలి. ఆ పైన అమ్మేవాడి పేరు, ఫొటో, వేలిముద్ర. తప్పు చేస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి జరిమానా, మూడోసారి కొట్టుకి సీలు. బాబాయ్ పాత ఇనుప సామాను కొట్టు మొదటి రెండూ దాటేసింది. పైగా ఇల్లు కొట్టు మీదే. మెట్లు కొట్టులోంచే. సీలు పడితే భార్య మేడ మీద, భర్త రోడ్డు మీద!

గొట్టం కొంటే కొట్టు పోతుందేమోనని నెల రోజులుగా ఆయన బేరం కంటే ముందే సిరా డబ్బా తీస్తున్నాడు.

"ఏవయ్యా, ఏం జరుగుతోంది?" అన్నాడు ఆఫీసరు.

"అంతా రూలు ప్రకారమే సార్! వేలిముద్ర తీసుకుంటున్నా."

"ముందే వేలిముద్రా? ఫారం చదివావా అసలు? మొదటి గడి గొట్టం. రెండో గడి బండి. చివరి గడి మనిషి. వరస తప్పినా తప్పే. తాళం, లక్క, కొవ్వొత్తి అన్నీ జీపులోనే ఉన్నాయి. తెమ్మంటావా?"

"అయ్యో, వద్దు సార్! కానీ... ఈలోగా మనిషి జారుకుంటే?"

"జారుకోవడానికి ఆయనేమైనా సబ్బుబిళ్ళా?"

సబ్బుబిళ్ళ కాకపోయినా బక్కాయన చెమటతో తడిసి ముద్దవుతున్నాడు. మాటిమాటికీ గేటు వైపు చూస్తున్నాడు. బాబాయ్ కంటికి అదే నలుసులా తగిలింది. ముద్ర వేయకుండా వీడు ఉడాయిస్తే ముద్ర పడేది తన కొట్టు మీద!

"జీపు ఆపలేదేం సార్? డీజిల్ దండగ కదా," అన్నాడు బక్కాయన.

"ఆపితే మళ్ళీ తొయ్యాలి. బ్యాటరీ చచ్చింది. పోయినసారి తోసింది ఈ బాబాయే, కావాలంటే అడుగు."

"రెండు వీధులు తోశాను సార్," అన్నాడు బాబాయ్ నడుం పట్టుకుని.

గొట్టం మీద మసి తుడిచి ఆఫీసరు నంబరు రాసుకున్నాడు. మొదటి గడి నిండింది. పెరట్లో కారు నిలబడి ఉంది. ఒక తలుపు తాడుతో కట్టి ఉంది, రెండోదానికి ఆ తాడు కూడా లేదు. ఇందాక అది సైలెన్సర్ లేకుండా వచ్చేసరికి వీధి వీధంతా చెవులు మూసుకుంది.

"నంబరు ఇంజను వెనకాల ఉంటుంది సార్. బురద పట్టేసింది. ఇద్దరూ దూరి గీకితేగానీ కనపడదు," అన్నాడు బక్కాయన.

"మేమిద్దరం కింద, నువ్వు పైనా?" బాబాయ్ కళ్ళు చిన్నవి చేశాడు.

బక్కాయన నొచ్చుకున్నాడు. "నామీద నమ్మకం లేకపోతే ఇదిగో సార్, కారు తాళం మీ దగ్గరే ఉంచండి."

ఆఫీసరు తాళం జేబులో వేసుకుని, ఆయన్ని లోపల స్టూలు మీద కూర్చోమని, బాబాయ్ వీపు చరిచాడు. "చూశావా? ఇప్పుడెక్కడికి పోతాడు? పద."

ఇద్దరూ వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరారు. బురద పెచ్చులు బాబాయ్ కంట్లో, నోట్లో పడుతున్నాయి.

"మూడు... ఏడు... తర్వాతది సున్నానా, ఎనిమిదా?"

"ఎనిమిదే అవ్వాలి సార్. సున్నా అయితే నా బతుకు సున్నా!"

"గట్టిగా గీకు!"

"ఏవండీ!" మేడ మీంచి ఒక ఆడగొంతు కేక. "ఒక్కసారి బయటికొస్తారా?"

"ఎవరయ్యా అది?"

"మా ఆవిడ సార్. సైలెన్సర్ లేని మోడల్."

"ఏవండీ, మిమ్మల్నే!"

"కాసేపు నోరు ముయ్యవే! ఇక్కడ కొట్టు పోయేట్టుంది!"

ఆవిడ నిజంగానే నోరు మూసింది. పాతికేళ్ళ కాపురంలో అది మొదటిసారి.

బాబాయ్ గోటితో చివరి పెచ్చు లేపాడు. రెండు గుండ్రాలు బయటపడ్డాయి, ఒకదాని మీద ఒకటి. ఎనిమిది!

"కలిసింది సార్! కలిసింది!"

అంతసేపూ చెవుల్లో మోగిన డుగుడుగు ఇప్పుడు లేదు. హమ్మయ్య, గుండె కుదుటపడింది అనుకున్నాడు బాబాయ్.

ఇద్దరూ పాక్కుంటూ బయటికొచ్చారు. ఆఫీసరు కారు బానెట్ మీద ఫారం పరిచి రెండో గడి నింపి సంతకం చేశాడు.

"నీ కొట్టు గట్టెక్కినట్టే. ఇక చివరి గడి. మనిషిని పిలు."

బాబాయ్ సిరా డబ్బా పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. గొట్టం ఉంది. స్టూలు ఉంది. స్టూలు మీద మనిషి లేడు.

"పోయాడు సార్! నేను చెప్పానా! ముద్ర వేయకుండా పోయాడు!"

ఆఫీసరు నవ్వి, జేబులోంచి తాళం తీసి గలగలలాడించాడు. "కారు ఇక్కడ, తాళం నా దగ్గర. ఎలా పోతాడయ్యా?"

మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"జీపులో వెళ్ళాడండీ!"