మా ఆయన ఒప్పుకోరు

బ్యాంకువాళ్ళు వచ్చి తన స్టీలు సామాన్ల కొట్లో ఆ మాట్లాడే డబ్బా బిగించి వెళ్ళినప్పటినుంచి వరహాలమ్మకి మనసు మనసులో లేదు. ఆడవాళ్ళ వ్యాపారాలకిచ్చే అప్పుల్ని వాళ్ళ పేరు పెట్టి మగవాళ్ళు తెచ్చుకుంటున్నారని బ్యాంకులు పద్ధతి మార్చేశాయి. ఇప్పుడు సంతకాల్ని ఎవరూ నమ్మడం లేదు. కొట్లో మాటలన్నీ విని, అసలు యజమాని ఎవరో డబ్బాయే తేలుస్తుంది. ఆడమనిషని తేలితేనే అప్పు పుడుతుంది, పక్క గదిని కొట్లో కలుపుకోవడం కుదురుతుంది.

"మన మాటలు ఇంకెవరికి మోస్తోందో ఇది!" అని వరహాలమ్మ దాన్ని ఓరగా చూస్తూనే వ్యాపారం చేసింది.

శనివారం డబ్బా తేల్చేసింది. "యజమాని మీ భర్త. ధర తగ్గించమన్న ప్రతిసారీ ఆయన ఒప్పుకోరన్నారు."

వరహాలమ్మ నెత్తి కొట్టుకుంది. "అది బేరం తెగ్గొట్టడానికి అనే మాట! ఆయనకి చెంచా ధర కూడా తెలీదు."

"అయితే రేపు మళ్ళీ వింటాను," అంది డబ్బా, నమ్మనట్టుగానే.

మర్నాడు పొద్దున్నే పక్కవీధి మహాలక్ష్మిగారు వచ్చి ఇడ్లీ కుక్కరు ధర తగ్గించమన్నారు. నోటిదాకా వచ్చిన మొగుణ్ణి వరహాలమ్మ మింగేసింది.

"తగ్గించనండి. ఒప్పుకోనిది నేనే. కొట్టు నాది."

డబ్బామీద పచ్చదీపం వెలిగింది.

మహాలక్ష్మిగారు కుక్కరు కింద పెట్టేసి, వరహాలమ్మ మొహంలోకి అనుమానంగా చూశారు.

"అదేంటే వరాలూ, మీ ఆయనతో ఏమైనా గొడవైందా? సర్లే, సాయంత్రం ఆయనున్నప్పుడే వచ్చి అడుగుతాను."

పచ్చదీపం ఆరిపోయింది.