చావింటి చుట్టం

ఆ రోజు పొద్దున్నుంచీ చిన్నపోలయ్య కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

జుట్టుకు రంగేశాడు. మీసానికి కూడా వేయబోయి ముక్కుకు పూసుకున్నాడు. ఎంత తోమినా వదల్లేదు. ఉండనీలే అనుకుని అద్దంలో తనను చూసి తానే నవ్వుకున్నాడు. ఇవాళ నెల్లూరు కోర్టులో చెంచమ్మ కేసు తీర్పు. ఆమెకు శిక్ష పడితే తనకు విడుదల. పడకపోతే, అమ్మో, ఆ తలపుకే ఒళ్ళు చల్లబడుతోంది.

చెంచమ్మ సంగతి మైపాడులో ఎవరినడిగినా పూసగుచ్చినట్టు చెబుతారు. ఎక్కడ చావు కబురు వింటే అక్కడ వాలిపోయేది. అయినవాళ్ళకంటే గట్టిగా ఏడ్చేది. పదకొండు రోజులూ వంట తనే చేసేది. చావింట్లో ‘వెళ్ళొస్తాను’ అనకూడదు కదా, ఎవరైనా చెప్పకుండానే లేచి పోవాలి. అందుకని ఎవరు వెళ్ళారో ఎవరు మిగిలారో ఎవరికీ పట్టదు. కర్మాంతరాలు ముగిశాక చూస్తే చెంచమ్మ మిగిలి ఉండేది. ఎవరమ్మా నువ్వంటే పోయినాయనకు చుట్టాన్ననేది. పోయినాయనను లేపి అడుగుతారా మరి.

ఆరు నెలలు తిరిగేసరికి ఇంటి తాళాలు ఆమె కొంగుకు ఉండేవి. అన్న మీద తమ్ముడికి, అత్త మీద కోడలికి చాడీలు. ఎవరు ఎవరితో మాట్లాడాలో ఆమె చెప్పాలి. ఒకరు గడప దాటితే ఇంకొకరికి దెబ్బలు. ఆ దెబ్బలు కూడా ఇంట్లోవాళ్ళే వేయాలి. ముందు పోలయ్య ఇల్లు, తర్వాత కృష్ణపట్నంలో ఒకటి, ఆ తర్వాత నాయుడుపేటలో ఒకటి. ఆ ఇళ్ళకు ఆమెను బండి మీద దించి రావలసింది కూడా పోలయ్యే. పాపం, కాదంటే ఊరుకుంటుందా.

పదహారేళ్ళలో మూడిళ్ళు, ఏడు చావులు. సముద్రంలో పడి కొందరు, బావిలో పడి కొందరు, పురుగుల మందు తాగి కొందరు. జనం తలరాత అనుకున్నారు. పోలయ్య అన్నా వదినా, కట్టుకున్న భార్యా ఆ ఏడుగురిలో వాళ్ళే. నాలుగేళ్ళ కిందట కొత్తగా వచ్చిన ఎస్సై ఒక పాత చావు గురించి ఆరా తీస్తుంటే, పోలయ్యే ముందుకొచ్చి, అన్నీ చెంచమ్మ చేయించినవేనని నోరు విప్పాడు. మొదటి సాక్షి అయ్యాడు. టీవీవాళ్ళు అతని చేపల పడవ దగ్గర నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఊళ్ళో అతని ధైర్యం గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు.

మూడిళ్ళలోనూ మిగిలింది ఐదుగురు. అందరికీ కలిపి పోలయ్యే వ్యాను మాట్లాడాడు. ఎక్కగానే అందరి ఫోన్లూ తీసి సంచిలో వేసుకున్నాడు. కోర్టులో మోగితే జడ్జిగారు బయటికి గెంటుతారట. దారిలో హోటల్ దగ్గర ఆపి తను పూరీ తిని, మిగతావాళ్ళకు ఇడ్లీ చెప్పాడు. సాక్షుల కడుపు తేలిగ్గా ఉండాలట. వ్యాను కదిలాక వల లాగే పాట ఎత్తుకున్నాడు. గొంతు మరీ ఘోరం. కృష్ణపట్నం ఇంట్లో మిగిలిన శివశంకర్, పోలయ్య ముక్కు మీది నల్లమచ్చ చూసీ చూడనట్టు తల తిప్పుకుంటే, పోలయ్యే దాన్ని వేలితో చూపించి పకపకా నవ్వాడు. పోలయ్య నవ్వితే వ్యానంతా నవ్వింది.

అన్నకూతురు ప్రత్యూష మాత్రం కిటికీ పక్కన బిగుసుకుని కూర్చుంది. నర్సింగులో సీటొచ్చినా బాబాయిని వదిలి వెళ్ళలేనని మానుకున్న పిల్ల.

“భయంగా ఉండాది బాబాయ్,” అంది మెల్లిగా.

“ఎందుకమ్మే భయం? ఆమె లోపలికి పోతే ఇంక మనల్ని అడిగేవోడు లేడు. నేనుండాను కదా నీకు,” అన్నాడు పోలయ్య.

ప్రత్యూష తలూపింది. బంగారుతల్లి, ఏం చెప్పినా ఎదురు చెప్పదు.

కోర్టు హాలు కిటకిటలాడుతోంది. చెంచమ్మ బోనులో తల వంచుకుని నిలబడి ఉంది. విచారణ మొదలైన రోజునుంచీ ఆమెది ఒకటే మాట. నేనే చేసినాను, నాకెవరూ చెప్పలేదు. వకీలు ఎంత మొత్తుకున్నా ఆ మాట తప్ప ఇంకోటి రాలేదు. ఇవాళ కూడా జడ్జిగారు అడిగితే అదే చెప్పింది. పోలయ్య కుర్చీ అంచుకు జరిగాడు.

యావజ్జీవం.

ఆ మాట చెవిన పడగానే పోలయ్య ఎగిరి లేచాడు. మోకాలు ముందు బల్లకు కొట్టుకుంది. కుంటుతూనే వెళ్ళి ఎదురైన నల్లకోటును కావలించుకున్నాడు. తీరా చూస్తే ఆయన చెంచమ్మ తరఫు వకీలు. హాలంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నారు. పోలయ్యకు కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. బతికాను దేవుడా అనుకున్నాడు. నిజంగా బతికాడు.

బోను దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ షారన్‌కు మాత్రం ఆ ముసలిదాన్ని చూస్తే జాలేసింది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదామె. తన సీసా మూత తీసి చేతికివ్వబోయింది.

చెంచమ్మ సీసా అందుకోకుండా, ఆ గుంపులో చిన్నపోలయ్య ముఖం వెతికి పట్టుకుని, తనకంటే పదేళ్ళు చిన్నవాడి ముందు చేతులు కట్టుకుని, “నువ్వు చెప్పమన్నట్టే చెప్పినాను కదన్నా, ఇప్పుడు తాగొచ్చా?” అని అడిగింది.