తెల్ల అప్పడాలు

"ఇది అప్పడమా, ఇటుక ముక్కా?" అన్నాడు హనుమేష్.

ఊళ్లల్లో ఆడవాళ్ల సంఘాలను చూసుకునే ఆఫీసరు అతను. అప్పడాన్ని విరిచి, బండ్రి ఊళ్లో సంఘం నడిపే కృపమణి ముఖం ముందు పెట్టాడు. బియ్యప్పిండి అప్పడం తెల్లగా ఉండాలి. అది ఎర్రగా ఉంది. సంఘం అప్పడాలు కొనే హాస్టల్లో వేయించి పెడితే పిల్లల పళ్ల కింద మన్ను కరకరలాడిందట.

కృపమణికి ఒళ్లు మండిపోయింది. ఆ మన్ను ఆమె ఇంట్లోది కాదు. బండ్రి మీదుగా పొద్దస్తమానం పోయే ఖనిజం లారీలది. కొండల్ని తవ్వి చైనాకు ఎత్తిపోస్తున్న రోజులవి. పైన పట్టా కప్పేది లేదు, రోడ్డు మీద నీళ్లు కొట్టేది లేదు. ఉతికిన చీర ఆరేలోపు ఎర్రబడేది. జొన్న కంకులు ఎర్రబడ్డాయి. మొన్నమొన్న సున్నం కొట్టిన చర్చి గోడ ఎర్రబడింది. అప్పడం ఒక్కటీ తెల్లగా ఉండాలట.

ఆమె అదే చెప్పింది. పాకలో ఆరబెట్టామంది, పైన పాత చీరలు కట్టామంది, అయినా దుమ్ము దూరుతూనే ఉందంది. లారీలకు పట్టాలు కప్పించమని గనుల యజమానికి మీరైనా చెప్పండి అని అడిగింది.

హనుమేష్ నవ్వాడు.

"ధణికి చెప్పేంత దొడ్డవాణ్ణా నేను? శుభ్రంగా చేసే మనసుంటే చోటు అదే దొరుకుతాదమ్మా. ఇంకోసారి మన్ను కనబడితే ఆర్డరు బేరే ఊరికి పోతాది. మిషను గూడా పోతాది."

అని జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ జీపు కూడా ఇంత దుమ్ము లేపి మరీ పోయింది.

అప్పడాలు ఒత్తే ఆ మిషను వచ్చాకే సంఘం ఆడవాళ్లు గుట్ట మీద రాళ్లు కొట్టే కూలి మానుకున్నారు. అరచేతుల్లో బొబ్బలు ఇప్పుడిప్పుడే మానుతున్నాయి. మళ్లీ గుట్టకే పోవాలేమో అంటూ కరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృపమణి ఏడవలేదు. కోపంలో ఉంటే ఆమెకు ఏడుపు రాదు.

"మనసుంటే చోటు దొరుకుతాదంట. సరే, చూపిస్తా" అంది.

తర్వాత వచ్చిన అప్పడాలు మల్లెపూలే. హనుమేష్ ఒక్కో అప్పడాన్నీ వెలుతురుకు పట్టి చూశాడు. నలకంత మన్ను లేదు. ఎక్కడ ఎండబెట్టారు, ఎట్లా చేశారు అని మాటవరసకైనా అడగలేదు. నేను చెప్పలేదా అన్నట్టు తలూపాడు, అంతే. ఆ తలూపుడుకే కృపమణికి మళ్లీ మండింది.

ఆర్డర్లు పెరిగాయి. బండ్రి అప్పడం అంటే సండూరు అంగళ్లలో అడిగి కొనేవాళ్లు వచ్చారు. గుట్టకు పోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఎవరైనా పొగిడితే చాలు, కరియమ్మ చప్పున మాట మార్చేసేది.

ఆ ఏడు సండూరులో సంఘాల మేళా పెట్టారు. ముఖ్య అతిథిగా హొన్నప్ప వచ్చాడు. ఆ లారీలు ఆయన గనివే. ఊరూరా ఆయన్ని ధణి అంటారు. రోడ్డు పక్క ఊళ్ల ఆడవాళ్లు దగ్గుతున్న పిల్లల్ని చంకనేసుకుని వచ్చి వేదిక ముందే కూర్చున్నారు. లారీలకు పట్టా కప్పాలి, రోడ్డుకు నీళ్లు కొట్టాలి. వాళ్లు అడగడానికొచ్చింది అదొక్కటే.

ఆయన వాళ్ల వైపు చూడలేదు. మంచి సంఘమని బండ్రి పేరు పిలిచారు. కృపమణి వేదికెక్కింది. హొన్నప్ప ఆమె ముఖమైనా చూడకుండా శాలువా కప్పి, బల్ల మీది అప్పడం ఒకటి తీసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"దుమ్ము దుమ్మని నా మీదికొస్తాండారు. ఇది చూడండప్పా. బండ్రిలో, మా లారీలు తిరిగే దావ పక్కనే ఎండిన అప్పడం. యాడుండాది దుమ్ము? పని చేసే మనసు లేనోళ్లకే దుమ్ము కనబడతాది."

ముందుగా చప్పట్లు కొట్టింది హనుమేషే.

వేదిక ముందున్న ఆడవాళ్లు ధణిని చూడటం మానేసి కృపమణిని చూశారు. మమ్మల్ని అమ్మేసుకున్నావు గదా అన్నట్టుంది ఆ చూపు. ఒక తల్లి ఒళ్లో పసివాడు ఊపిరాడక దగ్గుతున్నాడు. బండ్రి సంఘం వాళ్లు మాత్రం తలలు దించుకున్నారు.

కృపమణికి ఇప్పుడు వచ్చిన కోపం హనుమేష్ మీద కాదు, ఆ ధణి మీద కూడా కాదు. తన మీద. తన చేతి అప్పడమే ఇంతమంది నోరు నొక్కింది. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆర్డరు పోతుంది, మిషను పోతుంది. పోయేది ఆ రెండే కాదని కూడా ఆమెకు తెలుసు. ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో తెలియదు. అయినా ఆ పసివాడి దగ్గు ఆగడం లేదు.

ధణికి కృతజ్ఞతగా రెండు ముక్కలు చెప్పమని హనుమేష్ మైకు అందించాడు. నవ్వుతూ చెప్పు అని చెవిలో గొణిగాడు.

ఆమె నవ్వలేదు. శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టింది. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, హొన్నప్ప ముఖంలోకి సూటిగా చూసింది.

"ఆ అప్పడాలు ఎండింది బండ్రిలో కాదు ధణీ, దుమ్ము దూరకుండా కిటికీ సందులకు గూడా రబ్బరు కొట్టించుకున్న మీ గెస్ట్‌హౌస్‌లో, నేను దినామూ కసువు ఊడ్చే గదిలో, మీరు పండుకునే మంచం మీద."