పదకొండు గంటల దంపుడు

“మీ బాధకు పదికి ఎంత వేస్తారు?” ఫోన్‌లో డాక్టర్ కల్యాణవల్లి అడిగింది.

“తొమ్మిది మేడమ్” అంది ప్రశాంతి. “మా అత్త ఆకువక్క దంచే శబ్దం మొదలైతే సాలు, గుండె దడదడమంటాది. నిన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పుకొని నిలబడినా. ఆ రోలు లాక్కొని వీధిలోకి విసిరేయాలనిపిస్తాది. నన్ను చూస్తే నాకే భయమైతాంది.”

తిరుపతిలో ఆ రెండు గదుల ఇంట్లో సిగ్నల్ అందేది హాలు కిటికీ దగ్గర ఒక్కచోటే. స్పీకర్ పెడితే గానీ డాక్టరమ్మ మాట తెలియదు. కిటికీ అవతల వరండాలో అత్త సిద్ధమ్మ అనపకాయలు ఒలుస్తోంది. ఆమె మూడుసార్లు పిలిస్తే గానీ పలకని మనిషి కాబట్టి ఆమె వింటుందన్న బెంగ ప్రశాంతికి లేదు.

“మానమని ఆమెను అడిగి చూశారా?”

“ఎట్లడిగేది మేడమ్? నోట్లో పళ్లు లేవు. మామ పోయినాక ఆమెకు ఉండే సుఖం అదొక్కటే. నాకు డెంగీ వచ్చినప్పుడు ఇరవై దినాలు నా మంచం పక్కన్నే పండుకొనింది. అట్లాంటి మనిషిని నోరు కట్టుకోమని చెప్పేదా?”

“సరే, అడగొద్దు. ఇది మీ తప్పు కాదు. కొన్ని శబ్దాలను కొందరి మెదడు ఆపద అనుకుంటుంది. పారిపోయే కొద్దీ అది పెరుగుతుంది. ఆ శబ్దాన్ని రికార్డు చేసుకోండి. రోజూ పదకొండింటికి, తప్పకుండా అదే సమయానికి, రెండు నిమిషాలు వినండి. ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోండి. వారానికొక నిమిషం పెంచుదాం.”

భర్త రూపేష్ ఆరు వారాలు గడువు పెట్టాడు. అప్పటికీ తగ్గకపోతే తల్లిని సూళ్లూరుపేటలో అక్క దగ్గర దిగబెడతానన్నాడు. అక్క ఇంట్లో ముసలామెకు కాళ్లు చాపుకునే చోటు కూడా లేదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ప్రశాంతి ఫోన్ పట్టుకుని అత్త దగ్గరికి పోయింది. నాలుగు దెబ్బలు రికార్డయ్యేసరికి తట్టుకోలేక ఆపేసి చెరిపేసింది. వారం తిరిగాక డాక్టరమ్మ అడిగితే మాత్రం “వింటాండా మేడమ్” అనేసింది. చిన్నప్పుడు హోంవర్క్ చేయకుండా చేశానని చెప్పే అబద్ధమే అది, వయసొచ్చినా అలవాటు పోలేదు.

రెండో వారంలో ఒకరోజు రూపేష్ రేణిగుంట గోడౌన్‌లో డ్యూటీకి బయలుదేరుతుంటే చెప్పులు వేసుకోనివ్వకుండా అడ్డం నిలబడింది.

“మీ అమ్మ కావాలనే చేస్తాంది.”

“ముందు దినానికి అయిదుసార్లు దంచుతాండె. ఇప్పుడు ఒక్కసారే కదా. తగ్గించినట్టే కదా?”

“యాడ తగ్గించింది? గడియారానికి ఎదురుగా పీట వేసుకుంటాది. పదకొండు కొట్టేది, ఆమె మొదలుపెట్టేది ఒకటే. ముందు మెత్తగా దంచేది. ఇప్పుడు కణకణమని నా తలలోనే కొట్టినట్టుంటాది. పోయిన వారం రెండు నిమిషాలు, ఈ వారం మూడు. నేను సూసినా.”

“ఆమె గడియారం సూస్తాది, నువ్వూ గడియారం సూస్తావు. ఈ ఇంట్లో టైముకు డ్యూటీకి పోనిది నేనొక్కణ్ణే” అని చెప్పులు వేసుకుని, వరండాలోకి తొంగి చూశాడు. “మా, సాయంత్రం ఆకులు తెచ్చేదా?”

“ఉండాయిలే నాయనా.”

సిద్ధమ్మ మొహం మాడ్చుకునే ఉంటోంది ఈ మధ్య. కూర్చున్నచోటే ఆవలిస్తుంది, సగం అన్నానికే లేస్తుంది, తలనొప్పని నుదుటికి గుడ్డ కట్టుకుంటుంది. సూళ్లూరుపేట మాట చెవిన పడిందేమో, ఆ కోపమేనేమో అనుకుంది ప్రశాంతి. అత్త ఒకనాడు తన చీరలు నాలుగూ మడిచి సంచిలో పెట్టుకోవడం చూసి, అవునన్నమాట అనుకుంది. ఆ పూట ప్రశాంతికీ అన్నం దిగలేదు.

పక్కింటి చంద్రకాంతమ్మ వచ్చి, “ఏం సిద్ధక్కా, నోరు పండనే లేదే?” అంటే, “వక్క మంచిది రాలేదులే మే” అని విసుక్కుంది సిద్ధమ్మ.

ఆరో వారం.

“పదికి ఎంత?”

ప్రశాంతి ఆలోచించింది. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. “నాలుగు మేడమ్.”

“చూశారా, రికార్డింగ్ పనిచేసింది.”

ఫోన్‌లో రికార్డింగే లేదు.

“ఇవాళ ఆమె పక్కనే కూర్చుని వినండి. ఏడు నిమిషాలు. లేచి వెళ్లకుండా ఉంటే, ఇక మీరు గట్టెక్కినట్టే.”

లేచి వెళ్లిపోతే ఆదివారం అత్తకు సూళ్లూరుపేట ప్రయాణం. సంచి గోడవారన సిద్ధంగానే ఉంది.

పదకొండయింది. సిద్ధమ్మ పీట వేసుకుంది. ప్రశాంతి వెళ్లి పక్కన చతికిలబడింది.

“ఏందమ్మణ్ణీ?”

“ఏం లే అత్తా. ఊరికే.”

సిద్ధమ్మ చిన్న ఇనుప రోలును ఒడిలోకి లాక్కుని, పైన కొంగు కప్పుకుని దంచడం మొదలుపెట్టింది. కణ్, కణ్, కణ్. ప్రశాంతి దవడలు బిగుసుకున్నాయి. ఊపిరి లెక్కపెట్టింది. నలభై దగ్గర లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మూడో నిమిషంలో మోకాలు లేవబోయింది. చేత్తో అదిమి పట్టుకుంది. గడియారం ముల్లు ఏడో గీత దాటింది. దంపుడు ఆగింది.

ప్రశాంతి ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

“అత్తా, ఆ సంచి విప్పేయ్. నువ్వు యాడికీ పోబళ్లేదు.” ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే అరచేయి చాపింది. “నాకూ రవంత ఆకువక్క పెట్టు.”

“నీకెందుకులే. నోరు పొక్కుతాది” అని సిద్ధమ్మ రోలును ఇంకా దగ్గరికి లాక్కుంది.

“పొక్కితే పొక్కనీ. పెట్టత్తా” అంటూ ప్రశాంతి కొంగు తొలగించింది.

రోట్లో ఆకూ లేదు, వక్కా లేదు. ప్రశాంతి తల తిప్పి, తాను డాక్టరమ్మతో ఫోన్ మాట్లాడే కిటికీ వైపు చూసింది.